గాలి పొయ్యిలో జామకాయ

మా అత్తమ్మ పళ్లన్నీ పీకించుకున్న నలభై రోజులకు మా మామయ్య వంట నేర్చుకుంటానన్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. గ్యాసు పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా తెలియదు. నేను దిద్దుతున్న పరీక్ష పేపర్లు కింద పెట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను. బాగానే ఉందన్నాడు.

మాది నేత ఇల్లు. భువనగిరిలో ఆటో ఎక్కితే అరగంటలో మా ఊళ్లో దించుతుంది. మా మామయ్య రామచంద్రం ఇక్కత్ చీరలు నేస్తాడు. ముందు గదిలో గుంట మగ్గం ఉంది. పొద్దున ఏడింటికి కాళ్లు గుంటలో పెట్టాడంటే సాయంత్రం ఆరింటిదాకా అక్కడే. ఇల్లు కట్టేటప్పుడు మగ్గం మీద కూర్చుంటే వంటగది మొత్తం కనిపించేలా తలుపు పెట్టించాడట. మంచినీళ్లు కావాలంటే కేక వెయ్యాల్సిన పని లేకుండా చెయ్యి ఊపితే చాలునని. ఆ తెలివి ఇన్నేళ్ల తర్వాత ఆయన మెడకే చుట్టుకుంది. ఎందుకంటే మా అత్తమ్మ నర్సింగమ్మ ఇప్పుడు ఆయన ముందు తినడం లేదు.

భువనగిరిలో పళ్ల డాక్టరు మిగిలిన పదకొండు పళ్లూ మూడు విడతల్లో తీసేశాడు. చిగుళ్లు గట్టిపడటానికి మూడు నెలలు పడుతుందనీ, అప్పుడు కట్టుడు పళ్లు పెడతాననీ, అందాకా మెత్తనివి తినమనీ చెప్పాడు. ఆఖరి విడత అయ్యాక అత్తమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఆటో దిగింది. ఆ కొంగు ఆ తర్వాత మామయ్య ముందు దిగలేదు. మాట్లాడితే కొంగులోంచే. అది కూడా అవసరమైతేనే. తినడం మాత్రం ఆయన ఇంట్లో లేనప్పుడే.

ఇక్కడొక చిక్కు ఉంది. మా మామయ్య ఇంట్లో లేకపోవడమనేది చాలా అరుదు. పదిహేను రోజులకోసారి క్షౌరానికి పోతాడు. సొసైటీ మీటింగుంటే పోతాడు. ఎవరైనా చనిపోతే పోతాడు. ఊళ్లో జనం ఆరోగ్యంగా ఉన్న నెలలో మా అత్తమ్మకు పస్తే. మధ్యమధ్యలో పెరటి గుమ్మం వెనక గోడవైపు తిరిగి నిలబడి గ్లాసుడు జావ తాగేది. మనిషి యాభై రెండు కిలోల నుంచి నలభై అయిదుకు వచ్చింది. రవికలు భుజాల మీంచి జారుతున్నాయి.

"ఇంకో రెండు కిలోలు తగ్గితె దవాఖానల పండవెట్టి సెలైన్ ఎక్కిచ్చుడే" అన్నాడు ఊళ్లో డాక్టరు. ఆయన ఆ మాట నాతో అన్నాడు. కోడలు తిండి పెట్టడం లేదని ఆయన అనుమానం. నేను గవర్నమెంటు బడిలో నలభై మంది పిల్లల చేత మధ్యాహ్న భోజనం తినిపిస్తాను. ఒక్క అత్తగారి చేత తినిపించలేకపోయానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, ఆయన మాత్రం ఎందుకు నమ్ముతాడు.

"నా ముందర ఎందుకు తింటలేదో అడుగు బిడ్డా" అన్నాడు మామయ్య.

అడిగాను. "ఆకలైతలేదు" అంది అత్తమ్మ.

ఆకలి లేకపోవడం కాదని మా అందరికీ తెలుసు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటకు మగ్గం ఆగుతుంది. ఆయన గుంటలోంచి లేస్తాడు, ఆవిడ దారం పోసే ఆసు దగ్గర నుంచి లేస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మధ్యలో కూర గిన్నె పెట్టుకుని తింటారు. పెద్దగా మాటలేమీ ఉండవు. ఆయన కంచంలోంచి ఆవిడ మిరపకాయ తీసుకుంటుంది, ఆవిడ కంచంలోంచి ఆయన చింతపండు తుక్కు తీసి పారేస్తాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకది చూస్తుంటే మా ఆయన కమలాకర్ మీద కోపం వచ్చేది. అతనికి నా కంచంలో ఏముందో కూడా తెలియదు.

ఇప్పుడు మామయ్య ఒక్కడే కూర్చుని తింటున్నాడు. ఎదురుగా ఖాళీ పీట. "ముద్ద దిగుతలేదు బిడ్డా" అన్నాడు ఒకరోజు, మగ్గం వైపు చూస్తూ. ఆయన గొంతు అట్లా ఉండటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా బయటికి పోయాను.

ఆ మర్నాడు నేను బడిలో ఉండగా, పన్నెండున్నరకు మామయ్య మగ్గం దిగి చొక్కా వేసుకున్నాడని అత్తమ్మ చెప్పింది. "పనున్నది" అని బయటికి పోయాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. మర్నాడూ పని ఉంది. ఆ మర్నాడూ ఉంది. పెళ్లివారి చీర ఒకటి సగంలో ఉండగా మనిషికి ఇంత పని ఎక్కడ పుట్టుకొచ్చిందో నాకర్థం కాలేదు. పక్కింటి భిక్షం వచ్చి చెప్పాడు. ఆయనదీ మగ్గమే, కానీ ఊరందరి సంగతులూ ఆయన మగ్గం మీదే నడుస్తాయి.

"అన్న బస్టాపుల కూసుంటాండు మమతా. నిన్న మూడు బస్సులు వోయినయి. ఒక్కటి ఎక్కలే. కండక్టరు దిగి అడిగిండట, ఎక్కడికి వోవాలె పెద్దమనిషీ అని. యాడికి లేదు, నా పెండ్లాం తింటాంది, తిన్నంక వోత అన్నడట."

వారం రోజుల్లో అత్తమ్మ అర కిలో పెరిగింది. అందరం సంతోషించాం, మామయ్య తప్ప. ఆయన ఇంటికి రాగానే ముందు గిన్నెలు తోమే జాలాట్లో పడేసిన గిన్నె చూస్తాడు. అడుగున మెతుకులుంటే మొహం ముడుచుకుంటాడు. లేకపోయినా ముడుచుకుంటాడు.

"తిన్నది. మంచిదే" అన్నాడు నాతో. "గని నేను ఇంట్ల లేకుంటెనే తింటది. నేనేమన్న దొంగనా? నా మొకం జూస్తె అన్నం దిగదా? గిదేం బతుకు బిడ్డా? ఒక్కసారి నా ముందర కూసొని తింటె సాలు. ఒక్కసారి."

వంట మాట అన్నది ఆ రోజే.

మా పెరట్లో ఒక జామ చెట్టుంది. అత్తమ్మకు జామకాయంటే ప్రాణం. పండు కాదు, కాయ. దోరగా ఉండాలి, కొరికితే టక్కుమని చప్పుడు రావాలి, ఉప్పూ కారం ఉండాలి. ఆ చెట్టు కింద బట్టలుతికే బండ మీద కూర్చుని రోజుకు నాలుగు తినేది. పళ్లు పోయిన దగ్గర నుంచి ఆ చెట్టు వైపు చూడటం మానేసింది. ఈసారి కాపు విరగబడి కాసింది. సగం చిలకలు తింటున్నాయి, సగం రాలిపోతున్నాయి. మామయ్య పొద్దున్నే లేచి రాలినవన్నీ ఏరి, ఆవిడ కంట పడకుండా గేదెకు వేసి వస్తున్నాడు.

"మమతా, నీ గాలి పొయ్యిల జామకాయ మెత్తగైతదా?" అన్నాడు.

గాలి పొయ్యి అంటే ఎయిర్ ఫ్రయర్. మా బడిలో గ్రేస్ టీచర్ కొన్నదని నేనూ కొన్నాను. తెచ్చిన రోజు అందులో మిర్చి బజ్జీలు వేశాను. ఒక్క చుక్క నూనె లేకుండా వచ్చాయి. అత్తమ్మ ఒకటి కొరికి, "గీ మాత్రానికి ఎండల పెడితె అయిపోవు గద" అంది. అప్పటికి ఆవిడకు పదకొండు పళ్లున్నాయి. ఆ పదకొండూ ఆ బజ్జీని ఏమీ చెయ్యలేకపోయాయి. ఆ రోజు నుంచి గాలి పొయ్యి బియ్యం డబ్బా మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. అప్పుడప్పుడూ తువ్వాలు మాత్రం ఉతికేదాన్ని.

ఫోన్‌లో వెతికాను. ఒకావిడ యాపిల్ పండును రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, లోపల బెల్లం, నెయ్యి, యాలకులు కూరి, మళ్లీ రెండు చెక్కలూ మూసి దారంతో కట్టి కాలుస్తోంది. పదిహేను నిమిషాలు. చెంచా పెడితే జారిపోతోంది. "దీనికి పండ్లతోటి పనే లేదు" అన్నాడు మామయ్య. ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. చీర డిజైను చూసినట్టు ఆపి ఆపి చూశాడు.

ఆదివారం పొద్దున పని మొదలైంది. నైట్ షిఫ్టు చేసొచ్చిన కమలాకర్ లోపల గుర్రు పెడుతున్నాడు. అత్తమ్మ పెరట్లో బియ్యం ఏరుతోంది. మామయ్య ఆరు జామకాయలు తెచ్చి వరసగా పెట్టాడు. ఆరూ ఒకే సైజు. వాటి కోసం చెట్టెక్కినట్టున్నాడు, మోచేతికి గీరుకుంది. ఒక్కో కాయ సరిగ్గా సగానికి కోశాడు. చెంచాతో గింజల గుజ్జంతా తోడేశాడు. ఒక్క గింజ కూడా ఉండొద్దట, చిగుళ్లకు గుచ్చుకుంటుందట. అద్దాలు పెట్టుకుని ఒక్కో చెక్కను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. బెల్లం, ఎండు కొబ్బరి పొడి, యాలకుల పొడి, నెయ్యి కలిపి నేనిచ్చాను. కూరింది ఆయనే.

"ఇంగ కట్టుడేనా?" అన్నాడు.

"కట్టుడే. గట్టిగా కట్టండి మామయ్యా, బెల్లం కారొద్దు."

"కట్టుడు నాకు నేర్పుతున్నవా" అన్నాడు. చాలా రోజులకు మొహం మీద చిన్న నవ్వు కనిపించింది.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. డాబా మీద బట్టలున్నాయని పరుగెత్తాను. తప్పంతా అక్కడే జరిగింది.

ఇక్కత్ పని తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. చీర నెయ్యకముందే దారానికి రంగులద్దుతారు. ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ దారపు కట్టలను బిగించి కట్టేస్తారు. కట్టేది పాత సైకిల్ ట్యూబుల్లోంచి సన్నగా కోసిన రబ్బరు పీలికలతో. మా వంటగది గుమ్మం పక్కన మేకుకు ఎప్పుడూ ఓ గుత్తి వేలాడుతూ ఉంటుంది. యాభై ఏళ్లుగా మామయ్య చేతులకు కట్టడమంటే ఆ రబ్బరే. వీడియోలో ఆవిడ దారం అన్నది. ఆయన నాలుగుసార్లు విన్నాడు కూడా. కానీ గట్టిగా అన్నది నేను.

కిందికి వచ్చేసరికి గాలి పొయ్యి తిరుగుతోంది. ఆయన ముందర పీట వేసుకుని కూర్చున్నాడు. నేను బట్టలు మడతపెడుతుంటే ముందు యాలకుల వాసన వచ్చింది. తర్వాత బెల్లం వాసన. ఆ తర్వాత హైదరాబాదు రోడ్డు మీద లారీ గట్టిగా బ్రేకేసిన వాసన వచ్చింది.

"బండి కాలుతాంది, బండి!" అని అరుచుకుంటూ భిక్షం బకెట్ నీళ్లతో వచ్చాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. కమలాకర్ నిద్రలోంచి లేచి తన బైకు దగ్గరికి పరుగెత్తాడు. బైకు బాగానే ఉంది. వంటగదిలోంచి నల్లటి పొగ వస్తోంది. నేను స్విచ్చి తీసి, బుట్ట బయటికి లాగాను.

ఆరు జామకాయలూ ఉన్నాయి. ఒక్కో కాయకూ మూడేసి రబ్బరు కట్లు, మెత్తబడి జిగురై కాయను కరుచుకుని ఉన్నాయి. బుట్ట జాలీలోంచి నల్లగా సాగుతోంది.

"మామయ్యా, రబ్బరా?" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను.

"మరుగుతున్న రంగుల రెండు గంటలుంటది, ఏం గాదు" అన్నాడు. "గీ డబ్బాల పావుగంటకు కాలుతదని నాకేమెరుక?" తర్వాత ఒక కాయను చెంచాతో తిప్పి చూశాడు. "అయినా ముడి మాత్రం ఊడలే."

బకెట్ ఏం చెయ్యాలో తెలియక భిక్షం ఆ నీళ్లు జామ చెట్టుకు పోసి వెళ్లిపోయాడు.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకునే గాలి పొయ్యిని చూసింది, కాయలను చూసింది, మామయ్య గీరుకుపోయిన మోచేతిని చూసింది. కొంగు వెనక ఏదో కదిలింది. నవ్వనుకున్నాను. వెనక్కి తిరిగి పెరట్లోకి పోయింది. నేను వెంట పోతే బండ మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఏం జేస్తాండు మీ మామ?" అంది.

"నీ కోసమే అత్తమ్మా. నువ్వు ఆయన ముందు తినాలని. రోజూ బస్టాపులో కూర్చుని వస్తున్నాడు. నీకు తెల్వదా?"

"ఎరికే."

"మరెందుకు ఏడిపిస్తున్నవు ఆయన్ని?" కొంచెం గట్టిగానే అన్నాను. రబ్బరు గీకాల్సింది నేనే కదా, ఆ కోపం కూడా ఉంది.

అత్తమ్మ చేత్తో కళ్లు తుడుచుకుంది. తర్వాత కొంగు తీసింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ముక్కూ గడ్డమూ దగ్గరయ్యాయి. ఒక్కసారిగా పదేళ్లు పెరిగినట్టుంది.

"నేను నోరు తెరిస్తె ఎక్కిరిస్తడు బిడ్డా" అంది. "మా అమ్మను ఎక్కిరిచ్చినట్టు."

నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ కళ్ల ముందున్నది చూడలేకపోయినందుకు సిగ్గేసింది.

మా మామయ్యకు ఊళ్లో ఒక పేరుంది. ఆయన వాళ్ల అత్తగారిలాగా మాట్లాడతాడు. ఆవిడ పేరు వెంకటనర్సమ్మ. నేను కాపురానికి వచ్చేసరికే పోయింది. ఆవిడకు చిన్న వయసులోనే పళ్లన్నీ పోయాయట. మామయ్య పెదవులు పళ్ల మీదికి మడిచి, బుగ్గలు లోపలికి పీల్చి, గడ్డం ముందుకు పెట్టి ఆవిడలా మాట్లాడితే జనం పడి పడి నవ్వుతారు. ఏ పెళ్లికి పోయినా కుర్చీ వేసి, అన్నా ఒక్కసారి మీ అత్త లెక్క మాట్లాడు అంటారు. ఆవిడ బతికున్నప్పుడు ఆవిడ ముందే చేసేవాడట. నా పెళ్లయిన మూడో రోజున నా కోసం చేశాడు. నేను ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వాను.

"ముప్పై ఏండ్లు చేసిండు" అంది అత్తమ్మ. "నేను గూడ నవ్విన. మా అమ్మ గూడ నవ్వేది. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ కొంగు ఎందుకు అడ్డం పెట్టిందో నాకు ఇప్పుడెరుకైతాంది."

నేను లేచి తిన్నగా మగ్గం దగ్గరికి పోయాను. మామయ్య గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పొద్దని అత్తమ్మ అనలేదు. అన్నా చెప్పేదాన్నే. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను.

ఆయన పోగు వేసే నాడె చేతిలోకి తీసుకున్నాడు. వెయ్యలేదు.

"ఆమె మీద నేనెందుకు చేస్త?" అన్నాడు.

"మీ అత్త మీద ఎందుకు చేసిన్రు?"

నాడె తిరిగి పక్కన పెట్టాడు. "అందరు నవ్వుతరని" అన్నాడు. ఆ రోజు మగ్గం చప్పుడు వినిపించలేదు. బస్టాపుకు మాత్రం పోయాడు. చీకటి పడేదాకా రాలేదు.

మూడు రోజులు గాలి పొయ్యి బుట్టను చింతపండుతో, సోడా ఉప్పుతో, నిమ్మచెక్కతో తోమాను. నిమ్మ తొక్కలు వేసి ఉత్తినే నాలుగుసార్లు తిప్పాను. నాలుగో రోజు గాంధీ జయంతి సెలవు. పొద్దున్నే మామయ్య నా ముందు ఒక దారపు కండె పెట్టాడు. తెల్ల నూలు, రంగు తగలనిది. "గిది కాలుతదా?" అని అడిగాడు. తడిపి కడితే కాలదన్నాను. గిన్నెలో నీళ్లు పోసి దారం నానబెట్టాడు. ఈసారి నేను కాలు బయట పెట్టలేదు. వాన వస్తే రానీ, బట్టలు తడిస్తే తడవనీ అనుకున్నాను.

మళ్లీ ఆరు కాయలు. మళ్లీ ఒక్కో గింజా. ఆయన చేతులు కట్టడం మొదలుపెడితే ఎంత గబగబా కదులుతాయో ఆ రోజు దగ్గరగా చూశాను. నేనొకటి కడదామని చూస్తే బెల్లమంతా నా వేళ్ల మీదికి వచ్చింది. నా చేతిలోంచి తీసుకుని ఆయనే కట్టాడు. పదిహేను నిమిషాలూ పీట మీదే కూర్చున్నాడు. రెండుసార్లు తెరవమన్నాడు, రెండుసార్లూ వద్దన్నాను. టింగుమంది. వాసన బాగుంది. రెండు గిన్నెల్లో చెరో కాయ పెట్టి, మీద కాస్త నెయ్యి వేశాడు. వేడి మీదే వేళ్లతో దారం ముడులు విప్పాడు. మిగిలిన నాలుగూ పళ్లెంలో ఉంచాడు.

అత్తమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. మామయ్య రావడం చూసి కొంగు పైకి లాక్కుంది. ఆయన ఒక గిన్నె ఆవిడ పక్కన పెట్టాడు.

"మెత్తగున్నది" అన్నాడు. "గింజల్లేవు. నేను జూడ. అటు దిరిగి కూసుంట."

నిజంగానే ఆవిడకు వీపు పెట్టి, రెండు మెట్లు కింద కూర్చున్నాడు. తన గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. తినలేదు. వింటున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అత్తమ్మ నా వైపు చూసింది. పోవాలా అని సైగ చేశాను. వద్దన్నట్టు తల ఊపింది. కాసేపటికి కొంగు కిందికి జార్చి చెంచా తీసుకుంది. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడుకు మామయ్య వీపు కదిలింది. కానీ తిరగలేదు. ఆవిడ ఒక చెంచా తిన్నది. ఇంకో చెంచా తిన్నది. బెల్లం గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే నాకు చాలు. ఆయనకూ చాలునేమో. కానీ పక్కింటి గోడకు పొట్టి తలుపొకటి ఉంది. అది తీసుకుని భిక్షం వచ్చాడు.

"ఇయ్యాల బండి కాలలేదా అన్నా?" అన్నాడు. అత్తమ్మ చప్పున కొంగు లాక్కుంది. "మా వియ్యపురాలు వచ్చింది చౌటుప్పల్ నుంచి. నీ సంగతి చెప్పిన. జర ఒక్కసారి రా. మీ అత్త లెక్క నాలుగు మాటలు మాట్లాడి వోదువు. ఆమె నవ్వక శాన దినాలైందట."

మామయ్య గిన్నెలోకి చూస్తున్నాడు. "రాదు" అన్నాడు.

"ఏంది రాదు?"

"మా అత్త లెక్క మాట్లాడుడు రాదు."

"మొన్న శ్రీశైలం పెండ్లిల చేస్తివి గదనే."

"మర్సిపోయిన."

"ముప్పై ఏండ్ల సంది చేస్తాంటివి, ఎట్ల మర్సిపోతవే?"

"మర్సిపోయిన అంటె మర్సిపోయిన" అన్నాడు మామయ్య. "ఇంగెన్నడు రాదు. పో భిక్షం."

భిక్షం కదల్లేదు. జరిగిందేమిటో తెలియక నా వైపు చూశాడు. నేను చెప్పేదేముంది. పైన కొమ్మ మీద చిలక కొరుకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

అప్పుడు మామయ్య వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"అల్లుడా, అటు దిరిగి తింటవేంది? అరగదు. ఇటు దిరుగు."

నోరు అత్తమ్మదే, గొంతు ఆవిడది కాదు. మెత్తగా, గాలి కలిసి, మాట చివర్లు లోపలికి పోతూ ఉంది. నేనెన్నడూ చూడని ముసలమ్మ గొంతు. మామయ్య చేసేది దీని ముందు ఎందుకూ పనికిరాదు. అది నవ్వించడానికి చేసేది. ఇది అల్లుడి కడుపు గురించి ఆలోచిస్తున్న గొంతు.

మామయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. వాళ్లత్త ఇంట్లోకి వస్తే అట్లాగే లేచేవాడట, తర్వాత అత్తమ్మ చెప్పింది. ఒళ్లో గిన్నె కింద పడి దొర్లింది. గోడ దగ్గర భిక్షం చెప్పులు విడిచాడు. ఎవరూ నవ్వలేదు.

మామయ్య నెమ్మదిగా ఇటు తిరిగాడు.

అత్తమ్మ కొంగు ఒళ్లో ఉంది. నోరు తెరిచే ఉంది, ఒక్క పన్ను లేదు, గడ్డం నిండా బెల్లం. ఆయన కళ్లలోకి సూటిగా చూస్తోంది. భయపడుతోంది కూడా. ఆయన చూస్తూనే ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి మీసాల్లోకి దిగాయి. తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"తింట అత్తా" అన్నాడు.

పై మెట్టు మీదికి వచ్చి ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన గిన్నె కింద పడింది కాబట్టి అత్తమ్మ తన గిన్నె ఇద్దరి మధ్యలోకి జరిపింది.